వాకిలి చెప్పకూడని పేర్లు

మొదటి టర్ము, 41వ రోజు

ఇది ఆఫీసు లాగ్ కాదు. ఆఫీసు లాగ్‌ని వాకిలే రాసుకుంటుంది, ఒక్క అచ్చుతప్పు లేకుండా. ఇది నా సొంత నోటుబుక్కు. పదిహేడేళ్ళు మనుషులతో మాట్లాడే ఉద్యోగం చేసి, ఈ టర్మునుంచి యంత్రానికి కళ్ళు తుడిచే ఉద్యోగంలో పడ్డాను. ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి కదా.

పొద్దున్నే వాకిలి కళ్ళ మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. రెండు కళ్ళు, ఒక చెవి, ఒక నోరు, అంతా కలిపి తలుపంత పలక. రేవు గట్టు మీద నా గది పక్కనే నిలబెట్టారు. తెప్పలో చదివే పిల్లల గురించి బయటివాళ్ళు ఎవరేం అడగాలన్నా దీన్నే అడగాలి. తెప్ప అంటే మా విశ్వవిద్యాలయం. అసలు పేరు పలకాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి, అందుకని అందరూ తెప్ప అంటారు. ఒడ్డునుంచి బోటులో అరగంట. పదహారు డెక్కులు, నాలుగువేల మంది పిల్లలు. పాత ఊరు మునిగిన చోటే తేలుతోంది. ఆటు వేళ వెళితే పాత వాటర్ ట్యాంకు నెత్తి నీళ్ళపైకి కనిపిస్తుంది, దాని మీద కొంగలు.

వాకిలి అయిదు సంగతులే చెబుతుంది. పేరు, బ్రాంచి, ఎన్నో సంవత్సరం, చదువుతున్నారా ముగించారా, బహుమతులేమైనా వచ్చాయా. మార్కులు, హాజరు, జబ్బులు, హాస్టలు గది నంబరు అడిగితే మర్యాదగా కాదంటుంది. ఆ అయిదు కూడా చెప్పొద్దనుకునేవాళ్ళు తొమ్మిదో నంబరు ఫారం ఇవ్వాలి. దాన్ని మేము మూత ఫారం అంటాం. నాలుగువేల మందిలో ఇచ్చినవాళ్ళు ఏడుగురు.

ఈరోజు తవిటినాయుడని ఒక పెద్దాయన వచ్చాడు. వాకిలితో పావుగంట వాదించి, నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మావోడికి లెక్కల్లో ఎన్నొచ్చాయో సెప్పమంటే సెప్పదేటమ్మా ఇది?"

"మీ అబ్బాయికి పద్దెనిమిది నిండాయి బాబూ. మార్కులు ఇప్పుడు అతనివి. అతనే చెప్పాలి."

"ఆడు సెప్పడు."

"అయితే మీకు తెలిసిపోయినట్టే కదా."

ఆయన కాసేపు ఆలోచించి, ఒళ్ళంతా కదిలేలా నవ్వి, సంచిలోంచి గుప్పెడు కాల్చిన జీడిపిక్కలు నా బల్ల మీద పోసి వెళ్ళిపోయాడు.

43వ రోజు

వాకిలి నోట్లో చీమలు పెట్టిన గూడు తీశాను. దాని గొంతు ఒక రోజంతా జలుబు చేసినట్టు వచ్చింది.

మధ్యాహ్నం బోటులో ఒకామె తెప్పనుంచి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మిగతా పిల్లలకంటే పెద్దది కాబట్టి వాళ్ళంతా ఆమెని అక్కా అంటారు. ఆమె నన్ను అక్కా అంటుంది. ఇక్కడ హంసవేణి అని రాస్తాను. అసలు పేరు ఈ పుస్తకంలోకి రానివ్వను.

ఆమె ఉప్పునీటి వరి మీద చదువుతోంది. పదకొండో డెక్కు మీద సముద్రం నీళ్ళతోనే మడి పెట్టింది. మూడేళ్ళ చదువు, ఇరవై అడుగుల మడి. ఇంకో నెలలో కోత.

"నా మూత ఫారం సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూస్తావా అక్కా?"

చూశాను. "గట్టిగా ఉంది. వాకిలి నీ పేరు కూడా పలకదు."

వెళ్ళబోయి ఆగింది. కారణం చెప్పమని నేను అడగలేదు. ఫారంలోనే అచ్చేసి ఉంటుంది, 'కారణం రాయనక్కరలేదు' అని. ఆమే చెప్పింది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఒక డైరీ రాసేవాడట. ఆమె ఎన్ని గంటలకి గుమ్మం దాటింది, ఎవరితో ఎంతసేపు మాట్లాడింది, ఫోనులో ఎన్నిసార్లు నవ్వింది. రాత్రి భోజనాలయ్యాక చదివి వినిపించి సంజాయిషీ అడిగేవాడట. ఒకసారి చెయ్యి విరిచాడు. ఆమె దగ్గరికి రాకూడదనీ, ఆమెని వెతకకూడదనీ కోర్టు కాగితం ఇచ్చింది. అయినా ఇప్పటికి రెండు ఊళ్ళలో వెతికి పట్టుకున్నాడు.

"ఇక్కడికి రాలేడు. మనుషులైతే నోరు జారతారు. యంత్రం జారదు," అన్నాను. యంత్రాన్ని మెచ్చుకోవడం నాకదే మొదటిసారి.

46వ రోజు

వచ్చాడు.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో గొడుగు. నా కిటికీ వైపు చూసి నమస్కారం పెట్టి మరీ వాకిలి ముందు నిలబడ్డాడు. ఆమె పూర్తిపేరు చెప్పి, ఇక్కడ చదువుతోందా అని అడిగాడు.

"ఆ విద్యార్థి వివరాలు వెల్లడించడానికి మాకు అనుమతి లేదు," అంది వాకిలి.

అతను తలూపాడు. కోపం తెచ్చుకోలేదు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "సనపల మురహరి ఇక్కడ చదువుతున్నాడా?" అని అడిగాడు.

"ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు."

"థాంక్సమ్మా," అన్నాడు, నవ్వి. నాకూ ఇంకో నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వాకిలి పరీక్ష పాసయిందని నాకు చెప్పలేనంత సంబరం. నాచు అట్టు పొట్లం విప్పుకుని భోజనానికి కూర్చున్నాను. రెండో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయింది.

సనపల మురహరి అన్నది అతని సొంత పేరు. అడిగినవాళ్ళ ముఖం చూసి వాకిలి వాళ్ళ పేరు కూడా లాగ్‌లో వేసుకుంటుంది, తెరిచి చూశాను. లేనివాళ్ళ గురించి అడిగితే ఇది 'లేరు' అంటుంది. ఉన్నవాళ్ళ గురించైతేనే 'అనుమతి లేదు' అంటుంది. అతను రెండు ప్రశ్నలతో తేల్చేసుకున్నాడు. ఆమె ఇక్కడే ఉంది.

(అతని పేరు మార్చలేదు. అతను మా విద్యార్థి కాదు, నా రూలు అతనికి వర్తించదు.)

డిప్యూటీ రిజిస్ట్రారు హుస్సేన్‌గారికి ఫోను చేశాను. ఆయన పద్ధతి గల మనిషి. చెప్పింది మొత్తం విన్నారు.

"రూలు ప్రకారం మనమేమీ చెప్పలేదు కదా దమయంతీ."

"చెప్పం అని చెప్పాం సార్. అతనికి అది చాలు."

వాకిలి మాట్లాడే వాక్యాల్లో ఒక్క మాట మార్చాలన్నా సెనేట్ ఒప్పుకోవాలట. సెనేట్ సమావేశానికి ఇంకా రెండు నెలలుంది. చూపుల రోజుకి తొమ్మిది రోజులే ఉంది. ఏడాదికొకసారి ఆ రోజున ఒడ్డునున్నవాళ్ళెవరైనా టికెట్టు లేకుండా బోటెక్కి తెప్పంతా తిరగవచ్చు.

47వ రోజు

మొదటి బోటుకే తెప్పకి వెళ్ళాను. హంసవేణి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వెన్నులు లెక్కపెడుతోంది. చెప్పాను. ఇలాంటిది ఎలా చెప్పాలో పదిహేడేళ్ళ సర్వీసులో ఎవరూ నేర్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను, గట్టిగా ఉందని మొన్న అన్నది నేనే అని కూడా.

"ఎటువైపు వెళ్ళాడు?" అని మాత్రం అడిగింది. తరవాత మడి గట్టు మీదికి వచ్చి, కాళ్ళు తుడుచుకుని, గదికి వెళ్ళి సంచి తీసింది. రెండు చీరలు మడతపెట్టడం చూశాను. అలవాటైన చేతులు.

"మడి?"

"వేరే ఊళ్ళో మళ్ళీ వేస్తాను."

"విత్తనం?"

ఆ విత్తనం ఇంకెక్కడా లేదు. మూడు పంటలు వరసగా ఆ ఇరవై అడుగుల్లోనే బతికింది.

"నాకు వారం రోజులియ్యి. నా పొరపాటు నేను దిద్దుకోవాలి," అన్నాను.

"నీ పొరపాటేముంది అక్కా, మిషనుది కదా."

"దాని పక్కన కూర్చునే మనిషిని నేనే."

సంచి మూయకుండా మంచం మీద పెట్టింది. అలా తెరిచి పెట్టడమే నాకిచ్చిన గడువు.

48వ రోజు

రోజంతా రూల్సు పుస్తకం చదివాను. వాకిలి రెండుసార్లు, "దమయంతిగారూ, నా కళ్ళు మసకగా ఉన్నాయి," అంది. ఉండనియ్యి అన్నాను.

తొమ్మిదో రూలు మొదటి వాక్యం: 'ఏ వ్యక్తి అయినా తన వివరాలు వెల్లడి కాకుండా ఫారం ఇవ్వవచ్చు.' ఏ విద్యార్థి అయినా అని లేదు, ఏ వ్యక్తి అయినా అని ఉంది. తెప్పలో చేరబోయేవాళ్ళు కూడా ముందే ఇచ్చుకోవడానికి అలా రాసి ఉంటారు.

లేచి వెళ్ళి వాకిలి ముందు నిలబడ్డాను. ఫారం చదివి వేలిముద్ర వేశాను. తరవాత, "బెవర దమయంతి ఇక్కడ చదువుతోందా?" అని అడిగాను.

"ఆ విద్యార్థి వివరాలు వెల్లడించడానికి మాకు అనుమతి లేదు."

పదో తరగతి దాటని నేను విశ్వవిద్యాలయం విద్యార్థినయ్యాను. గదిలోకి వచ్చి మిగిలిన జీడిపిక్కలన్నీ తిన్నాను.

49వ రోజు

ఇక్కడ చదవనివాళ్ళకీ అదే జవాబు వస్తే అతని లెక్క తప్పుతుంది, కానీ నేనొక్కదాన్నే అయితే లాభం లేదు. అతను ఎవరి పేరు పెట్టి పరీక్షిస్తాడో తెలీదు. ఒడ్డున వందలమంది కావాలి, వేలమంది అయితే మరీ మంచిది. చదువుతో సంబంధం లేనివాళ్ళు కావాలి. ఎందుకో వాళ్ళకి చెప్పకూడదు.

ముందు హంసవేణిని అడిగాను. ఆమె పేరు రాదు, ఆమె సంగతి రాదు, సరేనా అని. చాలాసేపు మడివైపు చూసి, సరే అంది.

తరవాత విద్యార్థుల కార్యదర్శి ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. బొంగురు గొంతు, ఎప్పుడూ నోట్లో ఏదో ఒకటి నములుతూ ఉంటుంది. మీ ఇళ్ళవాళ్ళందరిచేతా మూత ఫారాలు వేయించాలి, కారణం చెప్పలేను అన్నాను.

"చెప్పకండి మేడమ్. చెబితే సాయంత్రానికి నేనే పదిమందికి చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు." ఇంకో గింజ నోట్లో వేసుకుని, "ఎవరికైనా ప్రాణమ్మీదికొచ్చిందా?" అంది.

నేను రూల్సు పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

"సరే. ఎంతమంది కావాలి?"

51వ రోజు

పొద్దున ఆరింటికే గట్టు మీద వరస. వలలు బాగుచేసేవాళ్ళు, ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళు, చేపల బుట్టలతో, చంటిపిల్లలతో. పిల్లలు ఇళ్ళకి ఏమని ఫోన్లు చేశారో గానీ ఒక ముసలమ్మ నా కిటికీలోకి తొంగిచూసి, బొటనవేలు చూపించి, "ఏలేస్తే నన్ను కాలేజీలో ఏసేస్తారా?" అని అడిగింది. వేయం అంటే కొంచెం నిరాశపడింది. అయినా వేసింది.

తవిటినాయుడూ వచ్చాడు. మార్కుల సంగతి ఎత్తలేదు.

"మావోడు సెప్పాడమ్మా, నాన్నా ఎల్లి ఏలెయ్యి అని. లెక్కల్లో తప్పాడంట, అదీ సెప్పీసినాడు. ఒకేపాలి రెండూ సెప్పీసినాడు."

బోటు నడిపే సరంగు నూకాలు, ఆవిడ పుట్టింటివాళ్ళు ముప్ఫై మంది, అత్తింటివాళ్ళు పన్నెండు మంది వేశారు. ఆవిడ ఒక బక్కపలచటి మనిషిని చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"మా సినబావ. వలలు కుడతాడు. సనపల మురహరి అనే పేరున్నోళ్ళెవరైనా ఉన్నారా అని నువ్వు నిన్న బోటులో అందరినీ అడిగావు కదా. ఈడి పేరదే. మా అత్తోరు సనపలోలే."

ఆ మనిషి మొహమాటంగా నిలబడ్డాడు. నేను లేచి ఆయనకి కుర్చీ వేశాను. అంతకుముందు ఆ కుర్చీలో వైస్ చాన్సలరు మాత్రమే కూర్చున్నారు.

పదకొండింటికి హుస్సేన్‌గారు దిగారు. వరస చూశారు, నన్ను చూశారు. రూల్సు పుస్తకం తెరిచి తొమ్మిదో రూలు మీద వేలు పెట్టి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"ఈ వాక్యం రాసింది నేనే. తొందరలో రాశాను," అన్నారు.

ఇప్పుడు నా ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన వరస చివరికి నడిచివెళ్ళి ముసలమ్మ వెనక నిలబడ్డారు. మధ్యాహ్నానికి ఆయన చెల్లెళ్ళు ఆరుగురూ వచ్చారు.

54వ రోజు

నిన్నటికి మూడువేల నూట పద్దెనిమిది ఫారాలు. వాకిలి గొంతు నిజంగానే బొంగురుపోయింది.

ఈరోజు పదిన్నరకి మురహరి వచ్చాడు. అదే చొక్కా కాదు, అలాంటిదే ఇంకోటి. రేపు చూపుల రోజు. ఎక్కడ వెతకాలో ఇంకాస్త తెలుసుకోవాలనుకున్నాడేమో. ముందు ఆమె పేరు అడిగాడు.

"ఆ విద్యార్థి వివరాలు వెల్లడించడానికి మాకు అనుమతి లేదు."

తృప్తిగా తలూపి, అలవాటుకొద్దీ రెండోది అడిగాడు. "సనపల మురహరి?"

"ఆ విద్యార్థి వివరాలు వెల్లడించడానికి మాకు అనుమతి లేదు."

గొడుగు చేతిలో కదలకుండా ఉండిపోయింది. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే మాట. "నేను విద్యార్థిని కాదు," అన్నాడు వాకిలితో. అది ప్రశ్న కాదు కాబట్టి వాకిలి ఏమీ అనలేదు. తరవాత వాళ్ళ వీధిలో టీకొట్టు అతని పేరు, బంధువు ఒకామె పేరు అడిగాడు. ఒకరు లేరంది, ఒకరికి అనుమతి లేదంది. తాడు కడుతున్న నూకాలు వైపు తిరిగి, ఆవిడ పేరేమిటని అడిగి, అదీ వాకిలికి చెప్పాడు. అనుమతి లేదు.

"మరేటనుకున్నారు బాబూ, నాకు పరీచ్చలున్నాయి," అంది నూకాలు, తాడు మీదినుంచి కళ్ళెత్తకుండా.

నా కిటికీ దగ్గరికి వచ్చాడు. అప్పుడు మొదటిసారి దగ్గరగా చూశాను. జేబులో చిన్న డైరీ, దానికి గుచ్చిన పెన్ను.

"మీ మిషను పాడైంది మేడమ్. మీరు చెప్పండి, ఆమె ఇక్కడ ఉందా లేదా?"

"ఎవరి గురించి అడిగినా మేము చెప్పమండి."

"నేను ఆమె భర్తని."

"మీ గురించి ఎవరైనా వచ్చి అడిగినా చెప్పనండి."

డైరీ తీసి ఏదో రాయబోయాడు. ఏం రాయాలో తోచలేదులా ఉంది. పేజీ వైపు చూస్తూ ఉండిపోయి, మూసేసి, వెళ్ళిపోయాడు. ఈసారి నమస్కారం పెట్టలేదు. అతను మలుపు తిరిగేదాకా చూశాను. నూకాలు వచ్చి మంచినీళ్ళిచ్చింది.

అక్కడితో అయిపోలేదు. అతను ఇప్పుడు నమ్మలేకపోవచ్చు గానీ రేపు బోటెక్కడని ఏముంది? వాకిలి ఆఫీసు లాగ్ తెరిచాను. ఎవరు, ఎప్పుడు, ఎవరి గురించి అడిగారో అతని ముఖంతో, గొంతుతో సహా ఉంది. పద్నాలుగో రూలు: తన గురించి ఎవరు అడిగారో తెలుసుకునే హక్కు ఫారం ఇచ్చిన ప్రతి వ్యక్తికీ ఉంది.

వెంటనే తిరుగుబోటులో తెప్పకి వెళ్ళి హంసవేణికి చెప్పాను. రాకూడదు, వెతకకూడదు అని కోర్టు కాగితంలో ఉంది కదా, ఇది వెతకడమే కదా అన్నాను. ఒక్కటే నా భయం.

"ఈ లాగ్ పట్టుకుని నువ్వు మేజిస్ట్రేటు దగ్గరికి వెళితే, ఇక్కడ ఉన్నావని అతనికి తెలిసిపోదా?"

ఆమె కొడవలికి పదును పెడుతోంది. ఆపలేదు.

"మూత ఫారం ఇచ్చినవాళ్ళు మూడువేల మంది ఉన్నారన్నావు. అందులో చదివేవాళ్ళెవరో, వలలు కుట్టేవాళ్ళెవరో అతనికేం తెలుసు? నూకాలు అడిగినా ఈ లాగ్ ఇస్తావు కదా?"

"ఇస్తాను."

"అయితే నాకూ ఇయ్యి."

మధ్యాహ్నం ఇద్దరం ఒడ్డుకి వచ్చాం. మూడేళ్ళ తరవాత ఆమె రేవు గట్టు దాటి ఊళ్ళోకి నడవడం ఇదే. మొదట నా చెయ్యి పట్టుకుంది. కోర్టు మెట్ల దగ్గర వదిలేసి ముందు నడిచింది.

55వ రోజు, చూపుల రోజు

ఏడువందల మంది వచ్చారు. మురహరి ఎనిమిదిన్నర బోటుకి వచ్చాడు. గట్టు మీద ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు అతని చేతికి కాగితం ఇచ్చారు. ఈ రేవుకీ ఇక్కడి బోట్లకీ అతను రాకూడదనీ, తొమ్మిదో తేదీన విచారణకి రావాలనీ ఉంది. చదివాడు. వరసలో ఉన్న జనం చూస్తుండగా సంతకం పెట్టి, అడిగితే డైరీ కూడా వాళ్ళకి ఇచ్చాడు. పెద్దగా మాట్లాడలేదు. వాళ్ళతో పాటే జీపెక్కాడు.

నేను ఆ తరవాత రోజంతా పిల్లల తల్లులకి నాచు అట్ల కొట్టు ఎక్కడుందో చెబుతూ గడిపాను. అది చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

79వ రోజు

కోత అయిపోయింది. ఇరవై అడుగుల మడికి పదకొండు కిలోల గింజ. విత్తనానికి ఎనిమిది తీసిపెట్టి, మూడు కిలోలు వండి, హంసవేణి మమ్మల్ని భోజనానికి పిలిచింది. విచారణలో అతనికి ఆరు నెలల జైలు పడింది. సెనేట్ అనుకున్నదానికంటే ముందే సమావేశమై ఒక్క వాక్యం మార్చింది. ఇప్పుడు ఎవరి పేరు అడిగినా, వాళ్ళు తెరిచిపెట్టమంటే తప్ప, వాకిలి ఒకే మాట చెబుతుంది. హుస్సేన్‌గారు ఆ వాక్యాన్ని ఈసారి పదకొండు రోజులు కూర్చుని రాశారు.

పదకొండో డెక్కు మీద చాప పరిచి కూర్చున్నాం. నూకాలు, హుస్సేన్‌గారు, ఎస్తేరు, నేను. అన్నం కొంచెం బిరుసుగా ఉంది, నమిలితే తియ్యగా ఉంది. హుస్సేన్‌గారు పచ్చడి కలపకుండానే రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఎస్తేరు నోటినిండా అన్నంతో నావైపు తిరిగింది.

"మేడమ్, ఇప్పుడైనా చెప్పకూడదా? ఆ మూడువేల మందిచేత వేయించింది ఎవరికోసం?"

నేను పళ్ళెంలోకి చూశాను. నూకాలు సముద్రం వైపు చూసింది. హుస్సేన్‌గారికి అకస్మాత్తుగా కళ్ళజోడు తుడుచుకోవలసిన పని పడింది.

"నాకోసం," అంది హంసవేణి. గరిటె ఆమె చేతిలోనే ఉంది. "నన్ను కొట్టేవాడు వెతుక్కుంటూ వచ్చాడు. అందుకని."

ఎస్తేరు నమలడం ఆపింది. ఆమె నమలడం ఆపడం నేను అంతవరకు చూడలేదు. కాసేపటికి మింగి, చాప మీద జరిగి, తన పక్కన చోటు చేసింది.

"నిలబడే ఉన్నావేంటక్కా, కూర్చో. అందరికీ నువ్వే వడ్డిస్తే ఎలా," అని గరిటె లాక్కుంది.